వడ్డన అనుభవం: ముప్పై ఏళ్లు

మనిషి ఎప్పుడు నవ్వాలో, ఎంత నవ్వాలో, ఎవరిని చూసి నవ్వాలో అతని ఇష్టానికే వదిలేయడం నాగరికత ఇంతకాలం చేస్తూ వచ్చిన పెద్ద పొరపాటు. దాన్ని దిద్దే బాధ్యతను నగరంలో ఒక సంస్థ తలకెత్తుకుంది. వాళ్లు నడిపేదాన్ని భాగస్వామ్య హాస్య విందు అంటారు. టికెట్టు తీసుకున్నవాళ్లు భోజనానికి కూర్చుంటే వెయిటర్ల వేషంలో నటులు వచ్చి వేళాకోళం ఆడతారు. తినేవాళ్లు తిరిగి మాట్లాడాలి. మాట్లాడకపోతే అసహకారం కింద రాసుకుంటారు. అందుకని ముందుగానే యాప్‌లో ఇరవై మూడు గడుల దరఖాస్తు నింపాలి. (ఉన్నట్టుండి నవ్వొచ్చే అలవాటున్నవాళ్లకు అదనంగా ఇంకో పేజీ.)

ఆ దరఖాస్తు మీద లాడ్జి గదిలో మా ఇంటివాళ్ల తగువు అప్పటికి గంటన్నర నుంచి సాగుతోంది.

"నాన్నా, అమ్మది అమ్మని నింపుకోనివ్వు," అంది మా అమ్మాయి.

"ఒక కుటుంబానికి ఒకటే దరఖాస్తు. పైన ఏం రాసుంది? కుటుంబ పెద్ద నింపవలెను అని. ఇక్కడ పెద్ద ఎవరు?"

"నేను," అన్నారు మా అత్తగారు, కిటికీ పక్క కుర్చీలోంచి.

మా వారు అది విననట్టుగా ఫోను కళ్ల దగ్గరికి జరుపుకున్నారు.

ఆయన గురించి చెప్పాలి. ఆయన ఒక కార్యాలయంలో దరఖాస్తుల పరిశీలన విభాగంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నారు. జనం రాసుకొచ్చిన కాగితాల్లో తప్పు వెతికి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. చెడ్డమనిషి కాదు, తప్పు కనిపిస్తే వదల్లేరు, అంతే. మా పెళ్లి శుభలేఖ నమూనాను రెండుసార్లు వెనక్కి పంపారని మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి చేతికి నింపాల్సిన దరఖాస్తు ఒకటి దొరకడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. పరీక్షలు దిద్దే మాస్టారిని తీసుకెళ్లి పరీక్షకు కూర్చోబెట్టినట్టయింది.

ఇక నా గురించి. మా పెళ్లిరోజుకు ఏం కావాలో చెప్పమని అమ్మాయి అడిగింది. "ఒక్కపూట వేడిగా, కూర్చుని, మధ్యలో లేవకుండా తినాలనుంది," అన్నాను. ఇంట్లో అందరికీ వడ్డించి, ఉప్పు అడిగినవాళ్లకు ఉప్పు, నీళ్లు అడిగినవాళ్లకు నీళ్లు అందించి, నేను కూర్చునేసరికి నా కంచంలో ఆవిరి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఇది ఎవరూ పెట్టిన నిబంధన కాదు. అందుకే మార్చమని ఎవరికి అర్జీ పెట్టుకోవాలో ఇన్నేళ్లూ తెలియలేదు. అమ్మాయి ఈ ఊరు చూపిస్తానని తీసుకొచ్చి, ఈ విందుకు టికెట్లు తీసింది. "మొదట సూప్ వస్తుందమ్మా, పొగలు కక్కుతూ," అని ఊరించింది. రెండు రోజులుగా నేను ఆ సూప్ గురించే ఆలోచిస్తూ ఊళ్లోని వింతలన్నీ చూశాను.

"గడి నాలుగు. చివరిసారి నవ్విన తేదీ," అని చదివారు మా వారు. "అమ్మా, నీది చెప్పు."

"నిన్న. నువ్వు మెట్ల మీద జారినప్పుడు."

రాసుకున్నారు. "గడి తొమ్మిది. ఏ స్థాయి వరకు తిట్టించుకోగలరు? తక్కువ, మధ్యస్థం, ఎక్కువ."

"ఎక్కువే పెట్టు. తిరిగి తిట్టడానికి గడి ఉందా?"

"లేదు."

"అయితే అదేం దరఖాస్తురా?"

నా వృత్తి దగ్గర ఆయన కాసేపు ఆగారు. ఏ గడీ ఖాళీగా వదలకూడదన్నది ఆయన సూత్రం. అందుకని ఆ గడిలో 'ఖాళీ' అని నింపారు. తరువాత పదిహేడో గడి వచ్చింది: అతిథులకు వడ్డించిన అనుభవం, సంవత్సరాల్లో. ఆయన తన పేరుకు ఎదురుగా ముప్పై అని వేసుకున్నారు. నా పేరుకు ఎదురుగా 'లేదు' అని రాశారు.

నేను తల దువ్వుకుంటూ అద్దంలోంచి చూశాను. "అదేంటండీ, నాకు లేదా?"

"మనింటికి వచ్చేవాళ్లు ఎవరి పేరు మీద వస్తారు? నా పేరు మీదే కదా. 'రండి, కూర్చోండి, భోంచేసి వెళ్దురుగాని' అనేదెవరు?"

"మీరే."

"మరి?"

"నాన్నా, ఇద్దరికీ ముప్పై వేస్తే పోతుందా?" అంది అమ్మాయి.

"పోతుంది. ఒకే ఇంట్లో ఒకే అనుభవాన్ని ఇద్దరు చూపిస్తే రెండూ చెల్లవు. అలాంటివి రోజుకి పది వెనక్కి పంపిస్తాను నేను."

అమ్మాయి నా వైపు చూసింది. నేను జడ ముడి వేసుకున్నాను. నాకు కావలసింది అనుభవం కాదు, సూప్.

ఏడింటికి హాలు చేరుకున్నాం. లోపలికి వెళ్లే ముందు మూడు వరుసల్లో నిలబడాలి. మొదటి వరుసలో టికెట్టు చూస్తారు. రెండో వరుసలో దరఖాస్తు సరిచూస్తారు. మూడోది దేనికో ఎవరికీ తెలియదు కానీ అదే అన్నింటికన్నా పొడుగ్గా ఉంది, దాన్లో నిలబడ్డవాళ్లే అందరికన్నా సంతోషంగా కనిపించారు. చివర్లో ఒక బల్ల వెనక నవ్వుల సమ్మతి అధికారిణి కూర్చుని ఉంది. ఆమె ముఖంలో నవ్వు లేదు. (పని వేళల్లో ఉద్యోగులు నవ్వితే పక్షపాతమట.) మా దరఖాస్తు తెర మీద చదివి తలెత్తింది.

"ఇది నింపింది ఎవరు?"

మా వారు ఒకడుగు ముందుకు వేశారు. ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్న అడిగినవారాయన. అడిగించుకోవడం అలవాటు లేక గొంతు సవరించుకున్నారు. "నేనేనండీ. ఏదైనా తప్పుందా?"

"ఒక్కటీ లేదు. ఇంత శుభ్రంగా నింపిన దరఖాస్తు మాకు ఇంతవరకు రాలేదు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. మా పెళ్లిలో కూడా అంత వెలగలేదు. ఆ వెలుగులో, ఆమె ఏ రంగు పట్టీ చేతికి కడుతోందో చూసుకోలేదు. అత్తగారికి, అమ్మాయికి పచ్చ పట్టీలు. నాకు తెల్లది. ఆయనకు ఎర్రది.

పదకొండో నంబరు బల్ల మాది. దీపాలు తగ్గించారు. హోటల్ మేనేజర్ వేషం వేసినాయన మెడలో పెద్ద బో టై కట్టుకుని మైకు పట్టుకున్నాడు.

"గౌరవనీయులైన ఆకలిగొన్నవారికి నమస్కారం! మా హోటల్లో వెయిటర్లు ఒకరు తక్కువయ్యారు. నిబంధన ఆరు ప్రకారం, మీలో వడ్డన అనుభవం అందరికన్నా ఎక్కువున్న వ్యక్తి ఆ లోటు తీర్చాలి. నిబంధన ఏడు ప్రకారం, అనుభవం బొత్తిగా లేని వ్యక్తి ఈ పూటకు గౌరవ అతిథి. విచిత్రం ఏమిటంటే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉన్నారు!"

వెలుతురు గుండ్రంగా వచ్చి మా వారి మీద పడింది.

"ముప్పై ఏళ్లు!" అన్నాడు మేనేజర్. హాలంతా చప్పట్లు.

"ఆగండి, అది వేరే ఉద్దేశంతో..." అని ఆయన మొదలుపెట్టారు. ఈలోగా ఏప్రన్ మెడలో పడింది.

"దరఖాస్తులో తప్పుంటే ఇప్పుడే చెప్పండి సార్, రద్దు చేస్తాం," అన్నాడు మేనేజర్ ఎంతో మర్యాదగా.

తాను నింపిన కాగితంలో తప్పుందని రెండు వందల మంది ముందు ఒప్పుకోవడమా, ఏప్రన్ కట్టుకోవడమా? మా వారు ముడి వేయడానికి వీలుగా వెనక్కి తిరిగారు.

సూప్ గిన్నెలు మోసుకుంటూ ఆయన వంటగది తలుపులోంచి వచ్చిన తీరు చూసి నాకు ఊపిరాడలేదు. రెండు చేతులు, నాలుగు గిన్నెలు, బిగబట్టిన పెదవులు. ఒలకకుండా తెచ్చారు. నా ముందు పెట్టారు. పొగలు కక్కుతోంది, అమ్మాయి చెప్పినట్టే. చెంచా లేదు.

ఆయన కూడా చూశారు. హాలు మధ్యలో నిలబడి అటూ ఇటూ వెతికి, మా ఇంట్లో రోజుకు మూడుసార్లు అరిచినట్టే, అదే గొంతుతో అరిచారు:

"ఏమోయ్, చెంచాలెక్కడున్నాయి?"

హాలు ఘొల్లుమంది. నా మోకాళ్లు మాత్రం నన్ను అడక్కుండానే లేచాయి. సగం లేచానో లేదో పక్కనే ఈల మోగింది. కుర్చీల పర్యవేక్షకురాలట. ప్రతి నాలుగు బల్లలకూ ఒకరు ఉంటారు.

"మేడమ్, కూర్చోండి. నిబంధన పద్నాలుగు. గౌరవ అతిథి ఏ కారణం చేతా లేవకూడదు."

"ఆయనకి చెంచాలు దొరకట్లేదమ్మా."

"తెలుసు మేడమ్. అందుకే ఆయన్ని తీసుకున్నాం."

కూర్చున్నాను. ఒక క్షణం ఆలోచించి, గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగేశాను. నాలుక చుర్రుమని కాలింది. నాలుక కాలి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

"ఒరేయ్, ఉప్పు తక్కువైంది," అన్నారు అత్తగారు.

"ఉప్పెక్కడుంటుందమ్మా?"

"నాకేం తెలుసురా? దాన్నడుగు."

తల్లీకొడుకులిద్దరూ నా వైపు తిరిగారు. పర్యవేక్షకురాలు ఈల నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది. నేను పైకప్పు వంక చూశాను. కప్పుకు చక్కటి నగిషీలు ఉన్నాయి. భోజనం చేస్తూ కప్పు చూడవచ్చని నాకప్పుడే తెలిసింది.

కూరగాయల పళ్లేలు వచ్చాయి. మా వారు మూడు పెట్టి, నాలుగోది తన కుర్చీ ముందు పెట్టుకుని కూర్చోబోయారు. మేనేజర్ పరుగున వచ్చాడు.

"సార్, ఇంకా ఆరు బల్లలున్నాయి. అందరికీ వడ్డించాక మీరు."

"అప్పటికి ఇది చల్లారిపోతుంది కదయ్యా!" అన్నారాయన. నటన కాదు. నిజంగా బాధపడ్డారు.

ఆ సాయంత్రం మొత్తానికి అంత పెద్ద నవ్వు మళ్లీ రాలేదు. మగవాళ్లు బల్లలు చరిచారు. ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు, కొందరు పక్కనున్న మొగుళ్లను చూసి ఆ తరువాత తుడుచుకున్నారు. పక్క బల్లావిడ నా వైపు వంగింది.

"మీవారు పెద్ద నటుల్లా ఉన్నారే! అచ్చం మా ఇంటాయన్ని చూసినట్టే ఉంది. ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఇంట్లోనేనండీ," అన్నాను. "ముప్పై ఏళ్ల సాధన."

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఐస్‌క్రీము వేళకు ఆయన చెంచాలు కనిపెట్టారు. 'చెంచాలు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న సొరుగులోనే ఉన్నాయట. ఎవరూ చెప్పకుండా అత్తగారికి నీళ్లు పోశారు. పక్క బల్లవాళ్లను "ఇంకొంచెం వేయమంటారా?" అని అడిగారు, అదీ నవ్వుతూ. వాళ్లు వేయమంటే నిజంగానే వేశారు. అంతా అయ్యాక, దీపాలన్నీ వెలిగాక, చల్లారిన తన పళ్లెం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిన్నారు. చల్లారిందా అని నేను అడగలేదు. జవాబు ఇద్దరికీ తెలుసు.

చివర్లో ఆయనకు ధ్రువపత్రం ఇచ్చారు. 'ఈ వ్యక్తి అతిథులకు వడ్డించుటకు పూర్తి అర్హత కలవాడని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' ఇలాంటివి వేడుకకు ఇస్తారని, చాలామంది వాటిని బయట చెత్తబుట్టలో వేసి పోతారని అమ్మాయి చెప్పింది. మా వారు దీపం కిందికి వెళ్లి పరిశీలించారు. ముద్ర ఉంది. సంతకం ఉంది. వరుస సంఖ్య ఉంది. తేదీ సరిగ్గా ఉంది.

"పక్కాగా ఉంది," అన్నారు గౌరవంగా. "దీన్ని ఎవరూ వెనక్కి పంపలేరు."

ఇంటికొచ్చిన మర్నాడే ఫ్రేము కట్టించారు. భోజనాల గదిలో బల్లకు ఎదురుగా గోడకు తగిలించారు. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, రెండు వందల మందిని ఎలా నవ్వించారో చెప్పారు. చెప్పిన ప్రతిసారీ జనం ఓ యాభై మంది పెరిగారు. నాకూ సంతోషంగానే ఉంది. గోడ మీద కాగితం కాస్త వంకరగా ఉంటే నేనే సరిచేశాను.

ఆ సాయంత్రం గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి, కంచాలు వేసి, గరిటెలు పక్కన పెట్టి, నా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరూ గమనించలేదు. కాసేపటికి గమనించారు. ముగ్గురూ ఖాళీ కంచాల ముందు కూర్చుని నన్ను చూశారు. గిన్నెల్లోంచి ఆవిరి వస్తోంది.

"ఏమోయ్, ఒంట్లో బాగా లేదా?" అన్నారు మా వారు.

"బాగానే ఉందండీ. ఒక చిన్న నిర్ణయం తీసుకున్నాను, అందరూ ఉన్నారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. ఒకే ఇంట్లో ఒకే అనుభవాన్ని ఇద్దరు చూపిస్తే రెండూ చెల్లవన్నారు కదా. మీ కాగితం చెల్లకుండా పోవడం నాకిష్టం లేదు. అందుకని నా వడ్డన అనుభవాన్ని ఇవాళ్టి నుంచి వెనక్కి తీసుకుంటున్నాను."

అమ్మాయి తల దించుకుని గ్లాసులో నీళ్లు చూసుకుంటోంది. అత్తగారు గోడ మీది ధ్రువపత్రాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, తన కంచాన్ని మెల్లగా కొడుకు వైపు జరిపారు.

మా వారు నా మాటల్లో తప్పు కోసం చాలాసేపు వెతికారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి, ఒక్కటీ దొరకలేదు.