వెబ్‌సైటుకు హారతి

దక్షిణ ఆక్లండ్ తెలుగువారికి ఇక ఉద్యోగాల కొరత లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రెండువేల ఆరు శీతాకాలంలో, పాపటోయిటోయి కమ్యూనిటీ హాలులో మా సంఘం వారు ఒక వెబ్‌సైటు ప్రారంభించారు. ఇక్కడి జనాన్నీ చుట్టుపక్కల వ్యాపారస్తులనూ కలిపి, ఉద్యోగం కావలసినవారికి ఉద్యోగం, మనిషి కావలసినవారికి మనిషి దొరికేలా చేయడం దాని పని.

ప్రారంభోత్సవం శాస్త్రోక్తంగా జరిగింది. కంప్యూటరుకు పసుపు, కుంకుమ పెట్టారు. మౌసు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలని ఎవరో అన్నారు గాని, సాంకేతిక కారణాల వల్ల విరమించుకున్నారు. కర్పూర హారతి ఇచ్చేసరికి పైకప్పుకున్న పొగ అలారం మోగి, ఫైరింజను వచ్చేసింది. మంటలార్పడానికి వచ్చిన వాళ్ళకు అధ్యక్షులు జనార్ధనరావు గారు శాలువాలు కప్పి, పులిహోర పెట్టి, ముందు వరసలో కూర్చోబెట్టారు. "స్థానిక అధికారులు సైతం హాజరై సభను జయప్రదం చేశారు" అని మర్నాడు సంఘం ప్రకటనలో వచ్చింది. అది అబద్ధమని ఎవరూ అనలేరు.

"ఇంతకాలం మనవాళ్ళు ఉద్యోగం కోసం గుమ్మాలెక్కి దిగారు. ఇకనుంచి గుమ్మాలే మన ఇంటికి వస్తాయి," అన్నారు జనార్ధనరావు గారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఉద్యోగం నాకు కావాలి మరి.

మా ఫ్లాటు గోడలకు చెమ్మ. ఎంత తుడిచినా నల్లటి బూజు మళ్ళీ పడుతుంది. మా పాప నిహారికకు దగ్గు తగ్గదు. ఎండ తగిలే ఇల్లు ఒకటి చూశాం గాని, ఇంట్లో ఇద్దరికీ ఉద్యోగాలుంటేనే ఇస్తానన్నాడు ఏజెంటు. మా ఆయనది ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. పొద్దున పాపను ఆయన చూసుకుంటారు. నాకు డ్రైవింగు రాదు కాబట్టి నడిచి వెళ్ళేంత దూరంలో ఏదైనా దొరికితే చాలు.

దొరికింది కూడా. మా వీధి చివర పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్మే కొట్టుంది. దాన్నిక్కడ డెయిరీ అంటారు. దాని అద్దానికి "పొద్దున పూట మనిషి కావాలి" అని చీటీ అంటించి ఉంది. ప్రారంభోత్సవం మర్నాడు పాపను తోపుడు బండిలో వేసుకుని అడగడానికి వెళ్తే, చీటీ లేదు.

"మీ ప్రెసిడెంటు వచ్చి పీక్కుపోయాడు బేటీ," అంది కొట్టు నడిపే ఫీజీ ఆంటీ. "ఇకమీదట అంతా కంప్యూటర్లోనేనట. మనిషి అందులోంచే రావాలట."

"నేనిక్కడే ఉన్నాను కదా ఆంటీ."

"అలా నేరుగా వచ్చేస్తే సిస్టమ్ పాడైపోతుందన్నాడు."

సిస్టమ్ పాడు చేయడం ఇష్టం లేక ఇంటికొచ్చి సైటు తెరిచాను. మొదటి పేజీ నిండా కార్యవర్గం ఫొటోలు. ఫోను లైను మీద నడిచే మా ఇంటర్నెట్టులో జనార్ధనరావు గారు నుదుటి నుంచి నెమ్మదిగా కిందికి దిగుతారు. మీసం వచ్చేలోగా లైను తెగుతుంది. మళ్ళీ నుదుటి నుంచి మొదలు.

ఆయన గడ్డం దాటాక వచ్చిన దరఖాస్తులో చదువు అడిగారు. ఆ గడిలో డిగ్రీకి తక్కువ ఏదీ లేదు. నేనేమో ఇంటరు మధ్యలో పెళ్ళయి మానేసినదాన్ని. సైటు తయారు చేసిన ఉదయభాస్కర్‌కు ఫోను చేశాను.

"మనవాళ్ళలో డిగ్రీ లేనివాళ్ళుంటారని అనుకోలేదమ్మా," అన్నాడు.

"ఒకదాన్ని ఉన్నాను అన్నయ్యా."

"ఒక్కరి కోసం డేటాబేస్ కదపలేం. ఏదో ఒకటి నొక్కెయ్. ఎవరు చూడొచ్చారు?"

నొక్కాను. అది ఎం.టెక్. మీద పడింది. సాయంత్రానికి సైటు నుంచి జవాబు వచ్చింది. "తమ విద్యార్హతలు సదరు డెయిరీ ఉద్యోగస్థాయికి మించి ఉన్నందున తమ దరఖాస్తు తిరస్కరించడమైనది." మా వంశంలో చదువెక్కువై ఉద్యోగం రానివాళ్ళలో నేనే మొదటిదాన్ని.

ఉద్యోగం కావాలని సైటులో పేరిచ్చింది కూడా నేనొక్కదాన్నే. తక్కినవారంతా "సలహాదారులు" అన్న విభాగంలో చేరారు. కారణం మీకు తెలిసిందే. మన ఫంక్షన్లలో ఎవరిని ఎక్కడ చేస్తున్నారని అడిగినా ఐటీలో అంటారు. కాస్త నిజాయితీపరులు లాజిస్టిక్స్ అంటారు, అంటే మా ఆయన పక్కన పెట్టెలు మోస్తున్నారన్నమాట. అంతటివారు ఉద్యోగం కావాలని ఊరందరికీ కనపడేలా ఎలా రాసుకుంటారు?

పాపకు దగ్గు ఎక్కువైంది. సిస్టమ్ పాడైతే పాడైందని ఓ పొద్దున మళ్ళీ డెయిరీకి వెళ్ళాను. కౌంటరు వెనక టోపీ కళ్ళదాకా లాక్కుని ఉదయభాస్కర్ బ్రెడ్డు సర్దుతున్నాడు. డేటాబేస్ ఆయన కోసం కదిలినట్టుంది.

"టెస్టింగమ్మా," అన్నాడు. "సైటు పనిచేస్తోందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా."

"పనిచేస్తోందా అన్నయ్యా?"

"రోజూ పొద్దున ఆరు నుంచి."

"మీ కంప్యూటరు మంచి మనిషినే పంపింది," అంది ఆంటీ.

ఆయన గొంతు తగ్గించాడు. "మీ వదినతో అనకమ్మా. ఐటీలోనే ఉన్నాననుకుంటోంది."

"అనను. మరి నా ఇంటి సంగతేంటి? నాకూ ఉద్యోగముంటేనే ఎండ తగిలే ఇల్లిస్తానన్నాడు ఏజెంటు."

బండిలో పాప దగ్గింది. ఉదయభాస్కర్ పాపకేసి చూసి, టోపీ తీసి, జనార్ధనరావు గారికి ఫోను చేశాడు. అధ్యక్షులవారి ఇబ్బంది అధ్యక్షులవారిది. సైటు ద్వారా ఒక్కరికైనా ఉద్యోగం వచ్చిందని సర్వసభ్య సమావేశంలో ప్రకటించాలి. వచ్చిన ఆ ఒక్కరి పేరు ప్రకటించడానికి వీల్లేదు. కాబట్టి నన్ను ఆ వెబ్‌సైటుకే మానవ వనరుల విభాగాధిపతిగా నియమించారు. జీతం విషయం తదుపరి పరిశీలించబడుతుంది. ఏజెంటు వాకబు చేస్తే, మా సంస్థకు ఆవిడే వెన్నెముక అని జనార్ధనరావు గారు ఫోనులోనే హామీ ఇచ్చారు. ఇల్లు వచ్చింది.

ఇప్పుడు గోడలు పొడిగా ఉన్నాయి. నిహారిక రాత్రంతా నిద్రపోతోంది. నేను దరఖాస్తులు పరిశీలిస్తున్నాను. దరఖాస్తులు రావు.

పాలు పొంగించిన రోజు సంఘమంతా వచ్చింది. "ఎక్కడ చేస్తున్నావమ్మా?" అని సంఘంలోని రాజశ్రీ ఆంటీ అడిగింది. "ఐటీలో ఆంటీ," అన్నాను. ఉదయభాస్కర్ ప్లేటులోంచి తలెత్తలేదు. ఏ కంపెనీ అని ఒక్కరూ రెట్టించలేదు. రెట్టిస్తే నేనూ తిరిగి అడుగుతానని వాళ్ళకు తెలుసు.

మీరు కూడా నిశ్చింతగా ఉండండి. మీరెక్కడ చేస్తున్నారని నేనడగను.