అత్తగారి దిండు, అల్లుడి తుపాకీ

శనివారం పొద్దున గ్రేవీలో మెత్తటి బిస్కెట్ రొట్టెలు ముంచుకు తింటూ లాయిడ్ హాట్‌మేకర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కొట్టుకు వెళ్ళి సామాను తెచ్చుకోవడం, మధ్యాహ్నం తుపాకీ క్లబ్బు పోటీలో జీవితంలో తొలిసారి తుపాకీ పేల్చడం. గొట్టం మూతిలోంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీ అది. అతను పనిచేసిన కలప కోతమిల్లు మిత్రులు పదవీ విరమణ విందులో బహూకరించారు. "మొదటి రోజే నల్లచుక్క నడిమధ్యన కొడతా, చూస్కోండి" అని ఆ విందులో నోరు జారాడు. ఇప్పుడు మిల్లు మిల్లంతా చూడ్డానికి వస్తోంది.

కొట్టు యజమాని డ్యూయీ తుపాకిమందు, సీసపు గుండ్లు, మీట నొక్కితే నిప్పురవ్వ రేపే క్యాపులు, కొవ్వులో మైనం కలిపిన ముద్ద తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"గుండుకి చుట్టే గుడ్డముక్కలే అయిపోయాయన్నా."

"అవి లేకపోతే ఏం?"

"గుండు గొట్టంలో లొడలొడలాడుద్ది. నువ్వు తూర్పుకి గురిపెడితే అది నీ ఇష్టం, పడమటికి పోతే దాని ఇష్టం. గట్టి నూలుగుడ్డ ఏదైనా చాల్లే. మా నాన్నయితే పాత దిండు చించేవాడు."

ఇంట్లో పాత దిండంటే ఒక్కటే, అత్తగారు ఓరాది. తను పెంచిన బాతుల ఈకలతో ఆవిడే కుట్టుకున్నది. ఆవిడ చర్చి పనికి, భార్య వెస్టా ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళారు. గుడ్డ కత్తిరించుకుని, ఈకలు వేరే సంచిలో నింపేస్తే ఎవరికీ తెలియదనుకున్నాడు లాయిడ్.

కత్తెర పడగానే ఈకలు వంటిల్లంతా లేచాయి. కంగారుగా షెడ్డులోంచి వాక్యూమ్ తెచ్చి, దాని గొట్టం పీల్చే వైపు బదులు ఊదే వైపు తగిలించాడు. తెరిచిన కిటికీలోంచి ఈకలు మబ్బులా బయటికి పోయి, పక్కింటి ఇమోజీన్ చెరువు మీద వాలాయి. ఆ చెరువులో బాతులంటే ఆవిడకు ప్రాణం. పైగా అది వేట నిషేధకాలం. ఆవిడ ఫోను అందుకుంది.

వేటశాఖ అధికారి టాకెట్ వచ్చేసరికి వంటింటి బల్ల మీద తుపాకీ, మందు, గుండ్లు. వాటి పక్కన కనుబొమల మీద కూడా ఈకలతో లాయిడ్.

"బాతు ఎక్కడండీ?"

"ఏ బాతు?"

"ఈ ఈకల తాలూకు బాతు. జరిమానా సరే, తుపాకీ కూడా పట్టుకెళ్ళాలి. లేదంటే ఈ ఈకలు ఎక్కణ్ణించొచ్చాయో చెప్పండి."

లాయిడ్ చెప్పడానికే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఓరా కనిపించింది. ముప్పైయేళ్ళుగా ఆ దిండు మీద తప్ప నిద్రపోని మనిషి. అతను కాలితో గుడ్డముక్కల్ని బల్ల కిందికి నెట్టేశాడు.

"నేనే కాల్చానండి, బాతుని. రాసుకోండి."

"ఎవరూ, ఇతనా?" అంటూ ఓరా తుపాకీ ఎత్తి గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టింది. "చూడు బాబూ. ఈ మందు ఒక్కసారి పేలిందంటే కుళ్ళిన గుడ్డు కంపు కొట్టుద్ది. ఇది కొట్టువాసన కూడా పోలేదు. ఏమయ్యా అల్లుడూ, చెయ్యని పాపం ఎందుకు ఒప్పుకుంటున్నావ్?"

టాకెట్ కూడా వాసన చూసి, పుస్తకం జేబులో పెట్టేసుకున్నాడు. లాయిడ్ వంగి గుడ్డముక్కలు బయటికి తీశాడు.

"చేసిన పాపం ఇది అత్తయ్యా. మీ దిండు."

ఓరా ఒక ముక్క తీసుకుని వెలుతురుకు పట్టింది.

"ఇందులోంచి అవతలి గోడ కనబడుతోంది కదయ్యా! ఇంత అరిగిన గుడ్డ గుండుకేం ఆగుద్ది? చినిగి పోగులైపోద్ది." ఆవిడ గదిలోకి వెళ్ళి, పెళ్ళిళ్ళలో పెట్టుబడికని దాచిన కొత్త చారల గుడ్డ తెచ్చి, కత్తెర అందుకుంది. "నాతో ఒక్కమాటంటే నీ సొమ్మేం పోయింది? నన్ను చూసి జైలుకైనా సిద్ధపడ్డావే, నేనంత రాక్షసినా?"

"కాదత్తయ్యా... మీరు బాధపడతారని."

ఆవిడ గుడ్డని చకచకా ముక్కలు కోసింది. "పోనీలే. మా నాన్నకి ఇలాంటి గుడ్డముక్కలు నేనే కోసిచ్చేదాన్ని. పద, నేనూ వస్తా."

పోటీలో ఆవిడ అతని పక్కనే నిలబడి గుడ్డ ఎలా చుట్టాలో, కొవ్వు ఎంత పూయాలో, గుండు ఎలా దట్టించాలో వరసగా చెప్పింది. అతను అన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. మందు పోసే మాట మాత్రం ఇద్దరికీ గుర్తురాలేదు. మిల్లు మిల్లంతా చూస్తుండగా మీట నొక్కాడు. క్యాపు చిటుక్కుమంది, అంతే; గుండు గొట్టంలోనే ఉండిపోయింది.

ఆ రోజు లాయిడ్ గుండు గురి తప్పిందని మాత్రం ఎవరూ అనలేకపోయారు.