పది పంక్తులు చాలు, మిగతాది దండగ!

ఎంత గొప్ప కావ్యానికైనా మొదటి పది పంక్తులు చాలు. పదకొండో పంక్తి చదివేవాడు దేశద్రోహి కాకపోవచ్చు, మా దీవికి మాత్రం ద్రోహే!

ముప్పై నాలుగేళ్లు మా బడిలో, యుద్ధం ముగిశాక సముద్రాల మీద తిరిగి తిరిగి ఇల్లు చేరిన వీరుడి ప్రాచీన కావ్యాన్నే పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, ఈ మాట అధికారంతో అంటున్నాను. మా దీవిలో పుట్టిన ప్రతివాడికీ ఆ పది పంక్తులు నోటికి వచ్చు. ఆ తర్వాతివి ఎవరికీ రావు. అది నా బోధనలో లోపమని గిట్టనివాళ్లు అంటారు. కాదండీ, అది మా అదృష్టం!

ఆ పదింట్లో లేనిదేమిటి? ముందుగా పాటల దేవతను పిలుస్తాం. అమ్మా, ఆ మనిషి సంగతి నువ్వే చెప్పు, అంటాం. ఎంత హాయి! చెప్పేది దేవత, తప్పొప్పులు ఆవిడవి. రేపు ఎవరూ మన ఇంటి మీదికి రారు.

తర్వాత వీరుడు. ఆయన పేరైనా అక్కడ చెప్పరు. చెప్పకపోయినా తెలిసిపోయేవాడు వీరుడు. చెప్పకపోతే ఎవరికీ తెలియనివాళ్లు, ఆయన పడవలో వెంట వచ్చిన తోటివాళ్లు. లోకంలో మనుషులను విడదీయడానికి ఇంతకంటే తేలిక మార్గం ఉందా?

ఇక అసలు మేలు వినండి. సముద్రంలో పోయిన ఆ తోటివాళ్ల వ్యవహారం అక్కడికక్కడే తేలిపోతుంది. వీరుడు వాళ్లను కాపాడాలని ఎంతో పాటుపడ్డాడు. వాళ్లే తినరానిది తిని, తమ తెలివితక్కువతనంతో పోయారు. అయిపోయింది! పడవ నడిపిందెవరు, గాలి ఎటు వీస్తోంది అన్న గొడవే లేదు.

ఈ పద్ధతి ఇప్పుడు మాకు అన్నిటికీ పనికొస్తోంది. మా వీధి రొట్టెల యాకుమిస్ మొన్న ఒక మాడిన రొట్టె నా చేతిలో పెట్టి, "దీన్ని కాపాడాలని చాలా చూశాను మాస్టారూ, అదే నా మాట వినలేదు" అన్నాడు. పళ్ల డాక్టరు పుచ్చినదాన్ని వదిలేసి మంచి పన్ను పీకి, నోరు సరిగా తెరవలేదని నన్నే కోప్పడ్డాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ముప్పై నాలుగేళ్లు పరీక్ష తప్పిన ప్రతి పిల్లవాడి రిపోర్టులోనూ ఇదే రాశాను!

పోయిన చలికాలంలో మా మేయరు ప్రొకోపిస్‌కు, రేవులో వీరుడి పాలరాతి విగ్రహం ఉండాలనిపించింది. నాలుగు టన్నుల వీరుడు. అవతలి ఒడ్డు నుంచి కెప్టెన్ పనోరిస్ చేపల పడవలో తేవాలన్నారు. వీరుడు పడుకుని రావడం మర్యాద కాదని, డెక్కు మీద నిలబెట్టి తాళ్లతో కట్టించారు. రేవు కనుచూపు మేరలో ఉండగా పడవ బోల్తా పడింది. కెప్టెన్ ఈదుకుంటూ వచ్చాడు. మిగతా నలుగురూ రాలేదు.

విచారణ కమిటీ మూడు రోజులు కూర్చుని నిజం తేల్చింది. నలుగురూ ఒకేసారి, ఒకే పక్కన కూర్చుని భోజనం చేయడం వల్ల పడవ ఒరిగిందట! నాలుగు టన్నుల రాయి మాట రిపోర్టులో లేదు. ఉండకూడదు కూడా. వీరుణ్ణి నిందిస్తామా? వేల ఏళ్లు గడిచినా మా తోటివాళ్లు తినే చస్తున్నారు, చూశారా!

విగ్రహాన్ని పది రోజుల్లో క్రేను పెట్టి పైకి తీశారు. మనుషులను తీయలేదు. వాళ్లు అంత బరువుండరు కదా, దొరకడం కష్టం.

ఆ నలుగురిలో ఒకడైన స్తమాతిస్ భార్య కల్లిరోయి మా పక్క సందులోనే ఉంటుంది. నా భార్య ఎవాంథియా పోయినప్పటి నుంచి, ఏటా ఆమె తిథినాడు చర్చికి ఇవ్వవలసిన గోధుమలు కల్లిరోయే ఉడికించి, పంచదారా దానిమ్మ గింజలూ కలిపి తెచ్చిపెడుతుంది. నేను ఉడికిస్తే గోడకు కాగితాలు అంటించుకోవచ్చు. విగ్రహావిష్కరణకు ముందురోజు ఆమె గిన్నె లేకుండా వచ్చింది.

"రేపు మైకులో మీరే చదువుతారట?"

"అవునమ్మా, పది పంక్తులే."

"అందులో తోటివాళ్లు, తోటివాళ్లు అంటారే. ఒక్కడికైనా కన్నతల్లి ఒక పేరు పెట్టలేదా?"

నేను ఛందస్సు గురించి ఏదో చెప్పబోయాను.

"ఆ ఛందస్సేమిటో నాకు తెలీదు మాస్టారూ, మా ఆయన సంగతి తెలుసు. పద్దెనిమిదేళ్లు కుర్చీ లాగి వేశాను. కూర్చుని తింటే ఒట్టు! గిన్నె చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడే తినేవాడు. ఆ మనిషి పడవలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడంటే నేను నమ్మాలా?"

చిన్న కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పోయినవాళ్ల శనివారం నాడు చర్చిలో చదవమని ఫాదరుకు ఇచ్చే కాగితం అది. నాలుగు పేర్లు.

మర్నాడు రేవు నిండా జనం. ముందు వరుసలో కెప్టెన్ పనోరిస్‌కు పూలదండ. మేయరు నా చెవిలో, "పదే మాస్టారూ, పది దాటితే విందులో మాంసం చల్లారిపోతుంది" అన్నాడు.

దేవతను పిలిచాను. వీరుణ్ణి పొగిడాను. తోటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా కళ్లజోడు తన తెలివితక్కువతనంతో జారి కల్లిరోయి ఇచ్చిన కాగితం మీద పడింది. వంగాను కనుక కనిపించింది చదివాను. స్తమాతిస్. లూకాస్. మనోలియోస్. థెమెలిస్. చదివింది నేను కాదు సుమా, దేవత!

మేయరు మైకును చేత్తో మూసి, "ఈ పేర్లు కావ్యంలో ఎక్కడున్నాయి?" అని పళ్లు కొరికాడు.

"పదకొండో పంక్తిలో" అన్నాను. "తమరు చదివి ఉండరు."

ఆయన కాదనలేకపోయాడు. దీవిలో ఎవరూ కాదనలేరు. అదీ నా ముప్పై నాలుగేళ్ల బోధనా ఫలం! కెప్టెన్ పనోరిస్ మాత్రం దండ తీసి కుర్చీ మీద పెట్టి లేచి నిలబడ్డాడు. సభ ముగిసేదాకా మళ్లీ కూర్చోలేదు. దానికైనా సంతోషించాను.

తర్వాత విందు. నీడ అటే ఉందని మూడు వందల మందిమీ సముద్రం వైపే బల్లలు వేసుకున్నాం. కల్లిరోయి ఒక్కతే పళ్లెం చేత్తో పట్టుకుని, నిలబడి తిన్నది.

కావున విచారణ కమిటీ వారికి నా విన్నపం. మూడు వందల మందిమి ఒకేసారి, ఒకే పక్కన కూర్చుని కడుపు నిండా తిన్నాం. దీవి వేలెడు కూడా ఒరగలేదు. కారణం తేల్చవలసిందిగా ప్రార్థన.