పన్నెండు తెల్ల పొలుసులు

ఆ ఆదివారం పొద్దున జానకిరామయ్య చేతిలో ఉన్నవి మూడే: ఒక ఖాళీ రోజు, ఒక గ్లాసు కాఫీ, కూతురి ఫోను. మొదటి రెండూ అలవాటైనవే. ఆదివారం గుంటూరు మిర్చి యార్డుకు సెలవు, అతని కమీషన్ కొట్టుకు తాళం. మూడోది మాత్రం మూడేళ్ళ తరవాత చేతికొచ్చిన నమ్మకం.

మూడేళ్ళ క్రితం అన్విత హాస్టల్లో ఉండగా ఆమె స్కూటీకి మంచి బేరం తగిలిందని ఆమెను అడక్కుండా అమ్మేశాడు. అంతకు ముందు సైకిలు, దానికీ ముందు కీబోర్డు. నాన్న చేతికి ఏది ఇచ్చినా అది సరుకైపోతుందని అన్విత తేల్చుకుంది. అప్పటినుంచి పెన్ను కూడా ఇవ్వలేదు. ఈరోజు తప్పలేదు. ఒంగోల్లో బ్యాంకు పరీక్ష, హాల్లోకి ఫోను రానివ్వరు.

"నాన్నా, సరిగ్గా విను," అంది చెప్పులు వేసుకుంటూ. "ఇది నేనాడే ఆట. ఇందులో ఊళ్ళుంటాయి, అంగళ్ళుంటాయి, మనమూ ఒక మనిషిగా బతుకుతాం. వేరే కంపెనీవాళ్ళది ఇంకో ఆట ఉంది, అందులో రాక్షస జంతువుల్ని వేటాడ్డమే పని. ఈ పదిహేను రోజులు ఆ ఆటలో జంతువు మా ఆటలోకొచ్చింది."

"చుట్టపుచూపుగానా?"

"అలాగే అనుకో. ఇవాళ అయిదింటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. దాన్ని కొడితే పొలుసులు రాలతాయి. నాలుగింటికి ఊరి మధ్యలో ఒక కమ్మరి కనిపిస్తాడు. వాడి మీద నొక్కితే నా సంచిలోంచి పొలుసులు తీసుకుని రెక్కల గుర్రం ఇస్తాడు. పదిహేను రోజుల కష్టం నాన్నా. ఒక్క నొక్కు నొక్కు. ఇంకేం ముట్టుకోకు."

"నలభై ఏళ్ళుగా సరుకు అప్పజెబుతున్నానమ్మా. ఈమాత్రం చెయ్యలేనా?"

"అదే నా భయం," అని అన్విత బస్సుకు వెళ్ళిపోయింది.

పదింటికల్లా జానకిరామయ్యకు ఏమీ తోచలేదు. సంచి విప్పి చూడకుండా సరుకు అప్పజెప్పడం అతని వంటికి పడదు. అద్దాలు పెట్టుకుని ఆటలో సంచి తెరిచాడు. వందదాకా పొలుసులు. ఎంత మంచి రంగు! ఎండిన తేజ మిర్చిలా నిగనిగలాడుతున్నాయి. వాటి మధ్య అక్కడక్కడా పాలిపోయి తెల్లబడ్డవి, లెక్కపెడితే పన్నెండు.

"తాలు," అన్నాడు పైకే.

మిర్చిలో రంగు పోయి తెల్లబడిన కాయను తాలంటారు. దాన్ని ఏరి పక్కన పెట్టకుండా లాటులో కలిపి పంపితే కొన్నవాడు మళ్ళీ కొట్టు మెట్లెక్కడు. కూతురు చిన్నపిల్ల, ఏరడం తెలియక కలిపేసింది. కమ్మరి ముందు ఇంటి పరువు పోకుండా జానకిరామయ్య ఆ పన్నెండింటినీ ఓపిగ్గా ఏరి, ఆటలోని అంగట్లో అమ్మేశాడు. అంగడివాడు బంగారు నాణేలు కుప్పగా పోశాడు. సంచి అడుగు కనపడలేదు.

అప్పుడతను అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తాలుకు ఇంత ధర పలికితే వ్యాపారి సంతోషించకూడదు, అనుమానించాలి.

"కనకం! ఒకసారి ఇటు రా. ఈ కమ్మరి సంగతి ఇంగ్లీషులో ఏదో రాసుంది, చదువు."

భార్య కనకలక్ష్మి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. "పన్నెండు తెల్ల పొలుసులు తెచ్చినవారికి రెక్కల గుర్రం. ఎర్రవి తీసుకోబడవు." తలెత్తింది. "తెల్లవేవండీ?"

జానకిరామయ్య నాణేల కుప్పను చూపించాడు.

"అమ్మేశారా? మళ్ళీనా? ఈసారి అది మీ మొహం చూస్తుందనుకుంటున్నారా?"

అంగడివాడి దగ్గర అడిగితే అమ్మినవి తిరిగి రావన్నాడు. ఆటగాళ్ళు ఒకరికొకరు అమ్ముకునే సంతలో 'తెల్ల పొలుసులు పన్నెండు కావాలి, అర్జెంటు' అని భార్య చేత రాయించాడు. రాయించాక నాలుక కరుచుకున్నాడు. యార్డులో ఏ రోజూ తన అవసరం బయట పెట్టని మనిషి, ఊరూపేరూ తెలియని వేలమంది ముందు పెట్టేశాడు. పది నిమిషాల్లో సంతలో ఉన్న తెల్ల పొలుసులన్నీ మాయమయ్యాయి. ఎవరో కొని దాచేశారు.

"నేనైనా అదే చేసేవాణ్ణి," అని ఒప్పుకున్నాడు.

సంతలో దొరకని సరుకును పండిన చోటే కొనాలి. అంటే జంతువును వేటాడాలి. దానికి మనుషులు కావాలి. జానకిరామయ్యకు తెలిసిన మనుషులంతా యార్డువాళ్ళే. ముందు పక్క కొట్టు మొహిద్దీన్ బాషాకు, తరవాత హమాలీ మేస్త్రి ఇమ్మానియేలుకు ఫోను చేశాడు. బాషా బిర్యానీ ముందునుంచి లేచి వచ్చాడు. ఇమ్మానియేలు చర్చిలో ఆరాధన ముగించుకుని, తెల్లచొక్కాల్లో ఉన్న ఎనిమిదిమంది హమాలీలతో సహా వచ్చాడు.

"షావుకారుగారూ, లోడు ఏదండీ?" అన్నాడు గుమ్మంలోనే.

"లోడు ఫోన్లో ఉందయ్యా. అందరూ ఫోన్లు తియ్యండి."

ఆట ఎక్కించుకోగానే 'మిమ్మల్ని ఎవరు పిలిచారు?' అని అడిగింది. అక్కడ అన్విత పేరు కొడితేనే ఆమె ఉండే ఊళ్ళో దిగుతారు. కనకలక్ష్మి అందరి ఫోన్లలోనూ కూతురి పేరు కొట్టి, చూస్తూ ఊరుకోలేక తన ఫోన్లోనూ కొట్టుకుంది. పదకొండుమంది కొత్త వేటగాళ్ళు చెక్కకత్తులతో జంతువు ముందు నిలబడ్డారు. అది తోక ఒక్కసారి తిప్పింది. పదకొండుమందీ చచ్చారు.

"ఏం జానకిరామయ్యా, బిర్యానీ మీదనుంచి లేపి తెచ్చింది చంపించడానికా?" అన్నాడు బాషా.

"తలా ఒకసారి కొడితే ఏ బస్తా లేస్తుందండీ?" అన్నాడు ఇమ్మానియేలు. "ఒరేయ్, నేను పాడతా. 'హైలెస్సా' అన్నప్పుడే అందరూ నొక్కండి. కాళ్ళ మీదే కొట్టాలి. కాళ్ళిరిగితే అదే పడుద్ది."

చచ్చినవాళ్ళందర్నీ ఆట మళ్ళీ లేపగానే, యార్డులో మిర్చి టిక్కీ బస్తాలెత్తే పాట అందుకున్నాడు. పదకొండు వేళ్ళు ఒకేసారి పడ్డాయి. జంతువు తూలింది. "విరగ్గొట్టు కాళ్ళు! వదలమాకు! హైలెస్సా!" అని అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి. జంతువు కూలింది. పొలుసులు రాలాయి. అన్నీ ఎర్రవే.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఎర్రవే. జీవితమంతా ఎర్రటి సరుకు కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్న జానకిరామయ్య మొదటిసారి తాలు కోసం పెట్టాడు. ఆరోసారికి ఒకటి తెల్లది రాలింది. తొమ్మిదోసారికి ఇంకొకటి. మూడున్నర అయింది.

అప్పుడే కానిస్టేబులు శ్యామ్‌సుందర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరి కాళ్ళు విరగ్గొడుతున్నారండీ ఇక్కడ? హమాలీలు మిమ్మల్ని ఇంట్లో నిర్బంధించారని ఎదురింటి శశిభూషణ్ మాస్టారు ఫోను చేశారు."

"నిర్బంధం లేదండీ," అంది కనకలక్ష్మి. "ఈయన పొలుసులు అమ్మేశారు, అవి వెతుకుతున్నాం."

"ఏం పొలుసులు?"

"సార్, మీ ఫోన్లో కూడా ఆట ఎక్కిస్తే తెలుస్తుందండీ," అన్నాడు ఇమ్మానియేలు, పాట ఆపకుండానే.

దర్యాప్తులో భాగంగా కానిస్టేబులు ఆట ఎక్కించుకున్నాడు. అన్విత పేరు కనకలక్ష్మే కొట్టింది. నాలుగున్నరకు అతను టోపీ తీసి పక్కన పెట్టి, "మాస్టారూ, కుడికాలు నాకొదిలెయ్యండి!" అని ఇమ్మానియేలు మీద అరుస్తున్నాడు. ఆ అరుపు తనను పిలిచిందేమోనని శశిభూషణ్ మాస్టారు తలుపు వేసుకున్నారు.

అయిదింటికి జంతువు రెక్కలు విప్పి తన ఆటకు వెళ్ళిపోయింది. కమ్మరి కూడా మాయమయ్యాడు. తెల్ల పొలుసులు మొత్తం మూడు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఏడింటికి అన్విత వచ్చింది. జానకిరామయ్య లేచి నిలబడి, బేరం చెడిన రోజున రైతు ముందు కూడా ఎన్నడూ వంచనంతగా తలవంచి, ఫోను రెండు చేతులతో ఇచ్చాడు.

"తాలనుకున్నానమ్మా. అమ్మేశాను. గుర్రం రాలేదు. ఇందులో మీ అమ్మ తప్పేం లేదు."

అన్విత ఫోను తెరిచింది. చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకే తల్లీ," అన్నాడు తండ్రి.

"ఏడవట్లేదు నాన్నా!" ఆమె మొహం ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళే, కానీ నవ్వు ఆగటంలేదు. "పన్నెండుమంది కొత్త వేటగాళ్ళను పిలుచుకొచ్చినవాళ్ళకి రెండుతలల గుర్రం ఇచ్చారు. రెక్కల గుర్రం వేలమందికి వచ్చుంటుంది. ఇదెవరికీ రాదు. నేను హాస్టలంతా బతిమాలితే ఒక్కళ్ళూ రాలేదు. నీకు పన్నెండుమంది ఎక్కడ దొరికారు?"

"పదిమంది యార్డు లెక్కలో, పదకొండోది మీ అమ్మ," అన్నాడు జానకిరామయ్య కూర్చుంటూ. పొద్దున పదింటికి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. "పన్నెండోవాణ్ణి మాస్టారు పంపించారు."

అన్నానికి కూర్చునేలోపు అతను మనసులో రోజు ముగించాడు. పోయినవి పన్నెండు పొలుసులు, ఒక మధ్యాహ్నపు కునుకు, బాషా వేడి బిర్యానీ. వచ్చింది రెండుతలల గుర్రం. అన్విత దాని కింద సన్నక్షరాల్లో ఉన్న షరతులన్నీ చివరిదాకా చదివి, ఫోను మళ్ళీ తండ్రి చేతికే నిశ్చింతగా ఇచ్చి కంచం ముందుకు జరుపుకుంది.

ఆ గుర్రాన్ని అమ్మడం ఎవరి తరమూ కాదట.