గుహలో ట్యూబ్‌లైట్లు

పిల్లల సాహస కథల్లోంచి ప్రమాదాలన్నిటినీ ఏరిపారేయడమంత పుణ్యకార్యం ఈ మధ్య కాలంలో ఇంకొకటి జరగలేదు. ఇది సొంత డబ్బా కాదు. ఏరేది నేనే కాబట్టి, ఆ పని విలువ నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

పిల్లల పుస్తకాలు అచ్చువేసే కంపెనీలో నా కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. ముందు ప్రూఫు కాగితాలు, చేతిలో ఎర్ర పెన్ను. పాత కథల్ని మళ్లీ అచ్చుకిచ్చే ముందు, పిల్లలు జడుసుకునేవన్నీ కొట్టేయడం నా డ్యూటీ. నా పైన ఒక భద్రతా కమిటీ ఉంది. నేను కొట్టేయగా మిగిలినవి వాళ్లు కొట్టేస్తారు.

ఇదంతా ఎలా మొదలైందంటే, ఒక తల్లి మా మేనేజరుకు ఫోన్ చేసింది. మా పుస్తకం చదివాక వాళ్లబ్బాయి మంచం కింద ఏముందని అడిగాడట! ఇవాళ అడిగినవాడు రేపు వంగి చూడడూ? వంగి చూసినవాడు ఎల్లుండి అటకెక్కడూ? మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నారు గానీ, మంచం కిందికి వంగే మొక్కల గురించి పెద్దలు ఆలోచించలేదు.

ఆ రోజు నుంచి మా కథలు ఎంత హాయిగా ఉంటున్నాయో చూడండి. ఎగిరే తివాచీకి సీటుబెల్టు పెట్టాం. ఓడదొంగలు ఇప్పుడు దొంగలు కారు, ఓడ సిబ్బంది. యూనిఫాం వేసుకుని గుర్తింపు కార్డు తగిలించుకుంటారు. రాజకుమారుణ్ని గొర్రెగా మార్చాలంటే మంత్రగత్తె ముందు వాళ్లమ్మానాన్నల సంతకం తెచ్చుకోవాలి. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉండాల్సిన మాంత్రికుడి ప్రాణం ఇప్పుడు మాంత్రికుడిలోనే ఉంటోంది. పక్షిని పంజరంలో పెట్టడం తప్పు కదా! పైగా ఏడు సముద్రాలంటే ఈత రాని పిల్లలు నొచ్చుకుంటారని, కమిటీ వాటిని ఒక్క చెరువుకు కుదించింది. చెరువు చుట్టూ కంచె మాత్రం నా ఆలోచన.

నా చేతిలో పడి బాగుపడ్డ కథల్లో గొప్పది దివిటీ పిల్ల కథ. పాత పుస్తకంలో ఒంటికన్ను రాక్షసుడు ఆ పిల్ల తమ్ముణ్ని గుహలోకి ఎత్తుకుపోతాడు. ఈమె ఒక్కత్తే దివిటీ పట్టుకుని వెళ్లి తెచ్చుకుంటుంది. చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. ముందు గుహలో ట్యూబ్‌లైట్లు వేయించాను. రాక్షసుణ్ని శాకాహారిని చేశాను. కమిటీకి అదీ చాలలేదు, ఏకంగా వాడి ఉద్యోగమే పీకేశారు. మరి రాక్షసుడు లేకపోతే తమ్ముణ్ని ఎవరెత్తుకుపోతారు? అందుకని ఆ పిల్లాడు ఆడుకోవడానికి వెళ్లి, చీకటి పడకముందే బుద్ధిగా ఇంటికొచ్చేశాడు. అక్క అన్నం పెట్టింది. మొదటి పేజీలోనే కథ కంచికి చేరింది. మిగతా పేజీల నిండా రంగులు వేసుకునే బొమ్మలు పెట్టాం.

ఆ పుస్తకం మొదటి కాపీ మా మనవరాలికే ఇచ్చాను. ఇంట్లో దాన్ని గండుచీమ అంటాం, పట్టిందంటే వదలదు గనక. అంతకు ముందు పాత కథలేవైనా చెబుతుంటే నా చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకుని వినేది. ఈ పుస్తకం మాత్రం మంచినీళ్లు తాగినంత సులువుగా ముగించి, గుహకు పసుపు రంగు పూసి, ఆడుకోవడానికి పోయింది. నా చొక్కా నలగలేదు. భద్రత వల్ల కలిగే లాభాలు ఇలాంటివే.

అంతా సవ్యంగా సాగుతుండగా దానికి పన్ను అడ్డొచ్చింది. పాలపన్ను ఊడనని మొండికేసింది, దాని వెనకే కొత్త పన్ను మొలిచేసింది. అలాగే వదిలేస్తే కొత్తది వంకరగా కుదురుకుంటుంది, పీకాల్సిందే అన్నాడు పళ్ల డాక్టరు. మా అమ్మాయికి సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. కాబట్టి పిల్లని తీసుకెళ్లే భారం నా నెత్తిన పడింది.

వరసగా కుర్చీలు, ముక్కు పుటాలదిరే మందు వాసన, తలుపు అవతల గుయ్యిమనే మిషను. నర్సు వచ్చి లోపలికి రమ్మంది. గండుచీమ కుర్చీ చేతిని రెండు చేతులా పట్టుకుంది. పేరుకు తగ్గట్టే వదల్లేదు. బుజ్జగించాను, బొమ్మ కొనిపెడతానన్నాను, మీ అమ్మతో చెబుతానన్నాను. ఊహూఁ.

"తాతయ్యా, భయమేస్తే ఆ దివిటీ పిల్ల ఏం చేసింది?" అని అడిగింది.

"దానికి భయమెందుకేస్తుందమ్మా? రాక్షసుణ్ని తీసేశాంగా."

"అయితే దానికేం తెలుసు?" అని మొహం తిప్పేసుకుంది.

ఇన్నేళ్ల సర్వీసులో నా ప్రూఫు మీద ఇంత గట్టి దిద్దుబాటు ఎవరూ పెట్టలేదు. ప్రాణం ఉసూరుమంది. పిల్లకి ఆసరా కావాల్సిన వేళ నా దగ్గర ఉన్నదేమిటయ్యా అంటే, ట్యూబ్‌లైట్లు!

అటూ ఇటూ చూశాను. కమిటీ వాళ్లెవరూ లేరు. దాని చెవి దగ్గరికి వంగాను.

"ఎవరికీ చెప్పకు. అసలు కథలో రాక్షసుడున్నాడు."

కుర్చీ మీద పట్టు కాస్త సడలింది. "ఎంత లావుంటాడు?"

"ఈ గది చాలదు. తమ్ముణ్ని చంకలో పెట్టుకుని పోయాడు. ఆ పిల్ల వెనకే వెళ్లిందా, గుహ గుమ్మంలోనే దివిటీ ఆరిపోయింది."

"భయమేసిందా?"

"వెయ్యకేం? కాళ్లు గడగడ వణికాయి. వణుకుతూనే లోపలికెళ్లింది."

గండుచీమ వంగి తన కాళ్లు చూసుకుంది. అవీ వణుకుతున్నాయి. సరిపోయిందన్నట్టు తలూపి, కుర్చీ దిగి, నా చొక్కా గుప్పిట్లో పట్టుకుని, తనే ముందు నడిచి తలుపు తోసింది.

పన్ను పోయింది. బయటికి రాగానే నోట్లో దూది పెట్టుకునే అడిగింది, తమ్ముడు దొరికాడా అని. ఇంటిదాకా చెబుతూనే ఉన్నాను. చొక్కా ఇక ఇస్త్రీకి కూడా లొంగదు.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ప్రమాదాల్లేని కథ పిల్లలకెంతో క్షేమం. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే, రేపు రెండోసారి అచ్చుకెళ్లే దివిటీ పిల్ల ప్రూఫులో ఆ గుహకు కరెంటు పోయింది. ఎలా పోయిందో నాకు తెలియదు. లోపల ఎవరో కదులుతున్నట్టు కూడా ఉంది. కమిటీ వారు మిమ్మల్ని అడిగితే, వాడు శాకాహారేనని చెప్పండి.