మా బావమరిది ఉన్న చోట గాలి ఉండదు

మన సముద్రంలో తుఫానులు తగ్గిపోయాయండీ! తగ్గించింది ఎవరనుకున్నారు? మా బావమరిది ప్యో గిచోల్. సరుకుల ఓడకి కెప్టెన్.

పూటపూటా గాలి ఎంత, అల ఎంత, మబ్బు ఎంత, వేడి ఎంత అని ఓడ మీంచి చూసి వాతావరణ ఆఫీసుకి పంపడం అతను చేసే సేవ. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి నడిసముద్రం ఏం కనబడుతుంది? ఓడలు ఏం చెబితే అదే సముద్రం.

అయితే గిన్నెలోంచి కిమ్చీ పులుసు ఒలికిందంటే గిచోల్‌కి ప్రాణం పోయినట్టే. నల్లమబ్బు కంటబడితే చాలు, ఓడని తిప్పేస్తాడు. తేటగా ఉన్న చోటికి చేరి, తీరిగ్గా భోంచేసి, "గాలి లేదు, అలలు లేవు" అని పంపుతాడు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

మిగతా కెప్టెన్లూ తక్కువేం తినలేదు. అందరూ అక్కడే చేరతారు. ఇక చూసే నాథుడు లేని తుఫాను మ్యాపులోకి ఎలా ఎక్కుతుంది? పాపం, చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయి ఉంటుంది!

పైగా ఆ ఓడలో థర్మామీటరు వంటగది పొగగొట్టం పక్కన వేలాడుతుంది. వంటాయన చేపలు కాల్చినప్పుడల్లా తూర్పు సముద్రానికి ఎండాకాలం వస్తుంది. భోజనాల వేళే సముద్రం ఎందుకు వేడెక్కుతోందని ఒక ప్రొఫెసర్ సెమినార్ కూడా పెట్టాడు.

నాది గుర్యోంగ్‌పో రేవులో, రాత్రిళ్ళు దీపాల వెలుగు చూపించి స్క్విడ్ పట్టే పడవ. స్క్విడ్ ఎక్కడుంటే నేనక్కడ. మొన్న ఆఫీసువాళ్ళు "సముద్రం ప్రశాంతం" అన్నారని బయల్దేరాను. ఆ ప్రశాంతత నా పడవ దీపాలన్నీ ఊడబెరుక్కుపోయింది. తాడుతో నన్ను నేను కట్టేసుకుని బతికి బయటపడ్డాను.

ఇంటికొచ్చాక గ్లాసులో సోజు పోస్తూ గిచోల్‌ని అడిగాను.

"ఏరా, గాలి లేదని పంపావా?"

"నేనున్న చోట లేదు బావా. ఒట్టు."

"అక్కడెందుకున్నావు?"

"గాలి లేదు కదా, అందుకు."

మా ఆవిడ ఓక్‌బున్ తమ్ముడి చేతిలో గ్లాసు లాక్కుంది. "వీడు పంపాడట, మీరు నమ్మారట. మధ్యలో ఏడ్చి చచ్చింది నేను."

ఈవేళ మళ్ళీ ప్రశాంతమన్నారు. రేవులో పడవ తాడు విప్పుతుంటే గిచోల్ ఫోన్.

"వెళ్ళకు బావా. నేను ఓడ వెనక్కి తిప్పేశాను."

"ఆ మాట ఆఫీసుకి చెప్పావా?"

"గాలి ఎంతుందని అడుగుతారు గానీ, ఎందుకు పారిపోయొచ్చావని వాళ్ళు అడగరు కదా బావా."

తాడు మళ్ళీ కట్టేశాను. వెళ్ళొద్దని రేవంతా అరుస్తూ తిరిగాను. ప్రశాంతమని చెప్పారు కదా అని నవ్వి, ఓడల్లో బావమరుదులు లేనివాళ్ళంతా బయల్దేరి వెళ్ళిపోయారు.