వైకుంఠరావు పైవరస సంగ్రామం

వినుడు, మహాజనులారా. నవ్వు వచ్చినచో నవ్వుడు, కాని నడుమలో లేచిపోవలదు. కథ చెప్పువానికి కోపమెక్కువ.

తూర్పున అహర్నిశలు ఘోషించు సముద్రమును, పడమట మబ్బులను మోయు మహేంద్రగిరియును, నడుమ కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలతో కిక్కిరిసిన ఉద్దానమును కలిగి, జీడిపిక్క కొట్టిన చేతులకు నల్లమచ్చలను, బట్టీ దాటిన గాలికి కమ్మని వాసనను ప్రసాదించు పలాస పట్టణమునందు, వైశాఖ బహుళపక్షమున, కరెంటు పోయి వచ్చి మరల పోయిన ఒకానొక మధ్యాహ్నవేళ, త్రాసుదండధారియు, పప్పునందలి నిండు గుళ్లు, బద్దలు, ముక్కల తారతమ్య విశారదుడును, ఉదయము మొదలు ఒక్క బేరమైనను ఎరుగనివాడును అగు వైకుంఠరావు, ‘శ్రీ వైకుంఠ జీడిపప్పు’ అను తన దుకాణమున ఈగలను తోలుచు కూర్చుండెను.

ఎదుటి వరుసలో బావమరిది భాస్కరరావు దుకాణము కలదు. అచ్చట జనము మూగుదురు. తోట ఒకటే, బట్టీ ఒకటే, పప్పు ఒకటే. కాని ఎవరైనను ఫోను తీసి పలాస జీడిపప్పు అని వెదకినచో భాస్కరనామము పైవరుసన ధగధగలాడును. వైకుంఠనామము కొరకు బొటనవ్రేలు అరుగునట్లు కిందికి జరుపవలెను. ఇది చూచి వైకుంఠరావు కడుపు రగిలిపోయెను. రగలదా మరి? పరాయివాడైన సరిపెట్టుకొనవచ్చును, సొంత బావమరిది గదా.

అట్టి సమయమున శ్రీకాకుళము నుండి సుప్రజ అను యువతి, అన్వేషణయంత్ర మర్మజ్ఞురాలు, ల్యాప్‌టాప్ సంచి భుజమున ధరించి ఆ దుకాణమున అడుగిడెను. పేరు పైకెక్కించుట ఆమె వృత్తి.

“డబ్బు కట్టి చేరితే మీ పేరు మొదటి వరసలో వస్తుంది సార్,” అని సుప్రజ చెప్పెను. “ఊరికే చూస్తే ఖర్చు లేదు. ఎవరైనా మీ పేరు మీద నొక్కితే మాత్రం, నొక్కినప్పుడల్లా ఇంత అని కోసుకుంటారు.”

వైకుంఠరావు యౌవనమున పౌరాణిక నాటకములలో వేషము కట్టినవాడు. ఆవేశము పుట్టినచో మామూలు మాట నోట రాదు. బల్లపై చేయి చరచి ఇట్లు గర్జించెను:

“సుప్రజా, వినుము. అధోవరుసలో అణగిమణగి యుగములు జీవించుటకన్న, ఊర్ధ్వవరుసలో ఒక్క దినము వెలిగి ఆరిపోవుటయే వైకుంఠునకు సమ్మతము. కట్టెదను. ఎంతైనను కట్టెదను.”

వెనుక పొట్లములు తూచుచున్న ఆయన భార్య ధనలక్ష్మి తలెత్తెను. చుట్టుపట్ల ఊళ్లన్నిటి ఇంటిపేర్లు ఆమెకు కంఠోపాఠము. ఏ పెళ్లిలోనైనను ఎవరికి ఎవరు ఏమగుదురో తేలకున్నచో జనము ఆమె వద్దకే వచ్చెదరు.

“ఎంతైనా ఏటండి? కొట్టు అద్దెకే సస్తన్నాం,” అనెను. “సరే, కట్టండి. ఒక మాటినండి. అమాస లోపల నెట్టులో సూసి, మనకి సుట్టం కానోడు ఒక్కడు కిలో పప్పు కొన్నాడా, కొట్టు మీది. లేపోతే షట్టరు దించీసి, మా తమ్ముడి కొట్లో గల్లా కాడ కూకోండి. సుట్టాలు కొంతే లెక్క కాదు. ఆళ్లు మొగమాటానికి కొంతారు.”

చుట్టము కానివాడు. ఉద్దానమున అట్టివానిని వెదకుట ఎంత దుర్ఘటమో ఆ గడ్డపై పుట్టినవారికే తెలియును. అయినను వైకుంఠరావు పైకము కట్టెను.

తెల్లవారుసరికి ఆయన నామధేయము పైవరుసన వెలిగెను. మధ్యాహ్నమునకు సుప్రజ ఫోను చేసెను. “సార్, నొక్కుళ్లు మామూలుగా లేవు. వారానికని పెట్టిన డబ్బు ఒక్క పూటకే అయిపోయింది.” వైకుంఠరావు మీసము మెలిదువ్వి మరల కట్టెను. అదియు కరిగెను. మరల కట్టెను. నొక్కువారు నొక్కుచునే యున్నారు, కొనువాడు ఒక్కడును లేడు. ఇదేమి మాయ అని ఆయన తల పట్టుకొనియుండగా, అక్కుపల్లి నుండి పెద్దతల్లి అను మేనత్త ఫోను చేసెను.

“ఒరే వైకుంఠం, నీ పేరు అందరికంటి పైకొచ్చిందంతే కడుపు నిండిపోనాదిరా. పొద్దుటే దండం ఎట్టుకుని నొక్కుతన్నాను. సంతబొమ్మాళోళ్లకీ సెప్పినాను, ఆళ్లూ నొక్కుతన్నారు.”

“అత్తా, నీకు పున్నెముంటాది, నొక్కకే. నొక్కినప్పుడల్లా నా డబ్బులు పోతన్నాయి.”

“పోతే పోనీరా. నీ పేరు అంత పైన సూసి నొక్కకండా ఎలాగుంటామేటి?”

శత్రుబాణములకు కవచము కలదు. మేనత్తల ఆశీర్వచనములకు ఏ కమ్మరి కవచము చేయగలడు? ఆ దినమంతయు వైకుంఠరావు ఉద్దానమునందలి తన బంధువర్గమునకు పేరుపేరున ఫోను చేసి, ప్రేమ మానుడని వేడుకొనెను. కొందరు అలిగిరి.

ఆ గండము గడచెనో లేదో, మరియొకటి దాపురించెను. పైవరుసలో పూర్తి పేరు పట్టక ‘వైకుంఠ’ అని మాత్రమే మిగిలెను. దాని కింద, సుప్రజ ఎంతో ముచ్చటపడి వ్రాసిన వాక్యము ఇది: ఒక్క ఫోను చేయండి, మీ గుమ్మం ముందుకే వస్తాం.

ఫోను మ్రోగెను. వైకుంఠరావు వీరావేశమున అందుకొనెను.

“వైకుంఠాయేనాండి? ఎంతసేపట్లో వత్తారు?” అని ఒక మగగొంతు.

“ఎంతలో కావలిస్తే అంతలో వత్తామండి. ముందు ఎన్ని కిలోలో సెప్పండి.”

అవతలివాడు తెల్లబోయెను. “తూకం ఏటికండి? మా నాన్న బక్కమడిసే.”

“అలాగే,” అనెను వైకుంఠరావు, బేరపు ఉత్సాహమున సగమే విని. “గుళ్లా, బద్దలా, ముక్కలా?”

అవతలివాడు భోరున ఏడ్చెను. అప్పుడు గాని వైకుంఠరావునకు తెలియలేదు: ఆ మనిషి వెదకినది వైకుంఠరథమును, తండ్రి శవమును మోసుకొనిపోవు బండిని. నాటకభాష యావత్తు ఆయన నోటినుండి జారిపోయెను.

“తమ్ముడూ, తప్పయిపోనాది. నాది జీడిపప్పు కొట్టు. ఫోను మాత్రం ఎట్టీకు. ఏ ఊరో సెప్పు, బండి నాను పంపుతాను.”

“కోటబొమ్మాళండి. నా పేరు తిరుపతిరావు.”

వైకుంఠరావు టెక్కలిలో తెలిసిన డ్రైవరును పట్టుకొని బండి పంపెను. అది గుమ్మము చేరువరకు తిరుపతిరావుతో మాటలాడుచునే యుండెను. ఆ పక్షమున అట్టి ఫోనులు ఇంకను వచ్చినవి. పైకము కట్టి పైవరుసకెక్కిన వీరుడు, పప్పు పలుకైనను అమ్మక, ఊరూరికి రథములను పంపుచుండెను. ఏమి చేయును, ఏడ్చువారికి నెంబరు తప్పని చెప్పి పెట్టివేయుటకు ఆయనకు మనసొప్పలేదు.

ఈ వార్త విని భాస్కరరావు రోడ్డు దాటి వచ్చెను. “బేరం బానే ఉంది గానీ బావా, ఒకపాలి నీ కాడికొచ్చినోడు మళ్లీ రాడు కదా,” అని పక్కలు పట్టుకొని నవ్వెను. పోవుచు పోవుచు, తన గల్లాపెట్టె వద్ద కొత్త కుర్చీ వేయించితినని కూడ చెప్పెను. ఆ రాత్రి వైకుంఠరావునకు అన్నము సహించలేదు.

చతుర్దశి వచ్చెను. కట్టిన పైకము అడుగంటెను. మరునాడు అమావాస్య. సాయంకాలము వైకుంఠరావు షట్టరు కొక్కెమును చేతబట్టి, దించుటకు మనసురాక నిలుచుండగా ఫోను మ్రోగెను.

“అన్నా, నాను తిరుపతిరావుని. ఆ రోజు బండి పంపినావు కదా. మా నాన్న పెద్దకార్యానికి పాయసంలోకి పప్పు గావాల. రెండు కిలోలు. ముక్కలైనా పర్లేదు.”

అంతట కొక్కెము చేజారెను, ‘రెండు కిలోలా!’ అను కేక ఎదుటి వరుస దాక వినబడెను. ఎదుటినుండి పరుగెత్తుకొని వచ్చిన భాస్కరరావు, “అది నెట్టు బేరం ఎలాగవుద్ది?” అని అడ్డుపడెను.

“నెట్టులో సూసే కదా ముందు ఫోను సేసినాడు. అది లెక్కే,” అని ధనలక్ష్మి తమ్ముని నోరు మూయించి, భర్త చేతినుండి ఫోను లాగికొనెను. “సుట్టమో కాదో తేలాల గదా. బాబూ, మీ ఇంటిపేరేటి?”

ఆహా, ఎట్టి యుద్ధమది. ఆమె ఇంటిపేరు అడిగెను, ఏమియు తగులలేదు. తాతగారి ఊరు అడిగెను, తగులలేదు. మేనత్తలను, తోడల్లుళ్లను, వియ్యంకులను వరుసగా రంగమునకు దింపెను. ఒక్కొక్క ప్రశ్నకు వైకుంఠరావు వంగి షట్టరు కొక్కెమును పట్టుచు, మరల వదలుచుండెను. తుదకు ఆమె, “మీ యమ్మ పేరేటి బాబూ? పుట్టిల్లు ఏ ఊరు?” అని అడిగెను.

“సన్యాసమ్మండి. సంతబొమ్మాళి.”

ధనలక్ష్మి ఫోనును అరచేత మూసెను. భర్త ముఖము చూచెను. ఆ ముఖమున ఆశ తప్ప మరేమియు లేదు.

“లేదు,” అని ఆమె ఫోను దించెను. “మనకేటీ కారు.”

వైకుంఠరావు చేతులెత్తి, “నా కీర్తి దిగంతములకు ప్రాకెను, కట్టెదను, మరల మరల కట్టెదను,” అని మొదలుపెట్టెను.

“ఇంక ఒక్క రూపాయి కట్టినారో నాను ఊరుకోను. ఆయన మీ పేరు పైన ఉందని కొన్లేదు. ఆ రోజు మీరు ఫోను ఎట్టీకుండా మాటాడినారని కొన్నాడు,” అనుచు ధనలక్ష్మి త్రాసు సరిచేసెను. ముక్కలు కాక నిండు గుళ్లే తూచి, ముక్కల ధరయే కట్టెను. భాస్కరరావు రోడ్డు దాటిపోయి తన కుర్చీ తాను మడుచుకొనెను.

పాడ్యమినాడు ఆ పొట్లమును తానే ఇచ్చి వత్తునని చెప్పి, ఆమె కోటబొమ్మాళిలో బస్సు దిగెను. ఇల్లు కనుగొని, వసారాలో కూర్చున్న ముసలామెను కౌగిలించుకొని వెక్కి వెక్కి ఏడ్చెను.

“పిన్నీ, నాను మీ పెద్దనాన్న కూతురు మహాలక్ష్మక్క కూతుర్ని. బాబాయి పోయిన కబురు మాకు అందనేదే. తెలిసేతలికి బేరం మజ్జిలో ఉంది. మా ఆయనకి మాత్రం సెప్పకండి. మనం సుట్టాలం కామని సెప్పీసినాను.”

సన్యాసమ్మ కన్నీరు తుడుచుకొనుచు నవ్వెను. “సర్లేమ్మా. నీ మొగుడు ఎప్పుడైనా మా గుమ్మంలోకి ఒత్తే, నువ్వెవరు బాబూ అని అడుగుతాన్లే.”

ఇట్లు, వైశాఖ బహుళపక్షమంతయు ధనమును ధారవోసి, మేనత్తల వ్రేళ్లను ఓర్చి, రథములను నడిపి, వైకుంఠరావు చుట్టము కాడని తేలిన చుట్టమునకు రెండు కిలోల జీడిపప్పు అమ్మి జయించెను.